షార్లెట్, లించ్‌బర్గ్, వాషింగ్టన్: సువార్తకీ రాజకీయానికీ మధ్య గీత

అమెరికాలో నార్త్ కరోలైనా రాష్ట్రంలోని షార్లెట్ ఎయిర్‌పోర్ట్ పక్కనుంచి పోయే పెద్ద రోడ్డుకి సువార్తికుడు బిల్లీ గ్రాహం పేరు పెట్టారు. ఆ రోడ్డు పక్కనే, చెట్ల మధ్య, ఆయన లైబ్రరీ ఉంది. పేరుకి లైబ్రరీ గానీ నిజానికి అది మ్యూజియం. ఆయన పుట్టి పెరిగింది ఈ ఊళ్ళో ఒక డెయిరీ ఫారంలో కాబట్టి భవనాన్ని కూడా పశువుల కొట్టం ఆకారంలో కట్టారు. ముందు గోడ మీద 40 అడుగుల గాజు శిలువ, దాని అడుగునుంచే లోపలికి దారి. టికెట్ లేదు. లోపల మాట్లాడే ఆవు బొమ్మ ఒకటి పిల్లల్ని పలకరిస్తుంది.

కొలంబస్ డే లాంగ్ వీకెండ్ కలిసొస్తుందని మా తమ్ముడు శుక్రవారం కూడా సెలవు పెట్టాడు. నేనూ, తమ్ముడూ, మరదలూ కార్లో షార్లెట్ నుంచి వర్జీనియాలోని లించ్‌బర్గ్ మీదుగా వాషింగ్టన్ వెళ్ళాలని ప్లాన్. "అందరూ నయాగరా చూస్తానంటారు, నువ్వేమో చర్చిలు చూస్తానంటావేంటక్కా" అన్నాడు. ఒంగోలు బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నాకు చాలాకాలంగా ఇదే చూడాలని ఉంది. మా ముత్తాతల కాలంలో మా పల్లెలకి సువార్త తెచ్చింది అమెరికన్ బాప్టిస్టులు. ఇవాళ అమెరికాలో ఎన్నికలొస్తే చాలు, టీవీల్లో "ఎవాంజెలికల్ ఓటు" అంటారు. ఆ మాట వినగానే అక్కడివాళ్ళకి గుర్తొచ్చేది ఒక పార్టీ, రిపబ్లికన్ పార్టీ. మా అమ్మ విశ్వాసానికీ వాళ్ళ విశ్వాసానికీ లోపల తేడా ఏమీ లేదు. మరి బయటికి వచ్చేసరికి ఇంత తేడా ఎక్కడ మొదలవుతోందో దగ్గరుండి చూడాలనిపించింది.

ఎవాంజెలికల్ అంటే ఎవరన్నదానికి బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ బెబ్బింగ్టన్ 1989లో నాలుగు గుర్తులు చెప్పాడు. బైబిలుకి అన్నిటికన్నా పైన అధికారం ఇవ్వడం, శిలువ మీది మరణాన్ని విశ్వాసానికి మధ్యలో పెట్టుకోవడం, ప్రతి మనిషీ మారుమనస్సు పొందాలనుకోవడం, ఆ విశ్వాసాన్ని మాటలోనూ పనిలోనూ చూపించడం. మన మందిరాల్లో ఏ అవ్వని అడిగినా ఈ నాలుగూ తన మాటల్లో చెప్పేస్తుంది. ఇందులో పార్టీ ఊసు ఎక్కడా లేదు.

లైబ్రరీలో గ్రాహం జీవితం గదుల వారీగా నడుస్తుంది. 1934లో షార్లెట్‌లో జరిగిన సువార్త కూటాల్లో పదిహేనేళ్ళ కుర్రాడిగా రక్షణ పొందడం, అంటే యేసుని తన రక్షకుడిగా నమ్ముకోవడం దగ్గర మొదలై, స్టేడియంల దాకా. నేను ఎక్కువసేపు ఆగింది ఆయన మొదటి రోజుల సంగతుల దగ్గర. 1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో ఆయనా, ఆయన బృందమూ కూర్చుని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. డబ్బు విషయంలో దాపరికం ఉండకూడదు, ఆడవాళ్ళ విషయంలో వేలెత్తి చూపించే అవకాశం ఇవ్వకూడదు, స్థానిక సంఘాలని విమర్శించకూడదు, సభలకి వచ్చినవాళ్ళ సంఖ్య పెంచి చెప్పకూడదు. ఆ ఆఖరిది మన ఊళ్ళలో సభలు పెట్టే ప్రతివాళ్ళూ గోడ మీద రాసి పెట్టుకోవాలని నా కోరిక.

ఇంకో సంగతి 1953 నాటిది. టెనెసీ రాష్ట్రంలోని చాటనూగలో సభలు. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య తాళ్ళు కట్టారు. గ్రాహం తనే వెళ్ళి ఆ తాళ్ళు తీసేశాడు. 1957లో న్యూయార్క్ సభల్లో మార్టిన్ లూథర్ కింగ్‌ని పిలిచి ప్రార్థన చేయించాడు. కానీ అదే గ్రాహం 1963లో, అలబామాలోని బర్మింగ్‌హాంలో నల్లవాళ్ళ హక్కుల ఉద్యమం వేడిగా ఉన్నప్పుడు, కింగ్ కొంచెం నెమ్మదించాలని పత్రికలకి చెప్పాడు. సభలో తాడు విప్పడం సువార్త అనిపించింది, వీధిలో ఊరేగింపు మాత్రం రాజకీయం అనిపించింది. నా యాత్ర అంతా ఈ రెంటి మధ్య గీత చుట్టూనే తిరిగిందని చెప్పాలి. ఏ విషయం సువార్తకి చెందుతుంది, ఏ విషయం "లోకసంబంధం" అని ఒక సంఘం ఎక్కడ గీత గీసుకుంటుందో, ప్రజల మధ్య దాని ముఖం అదే. విశ్వాస ప్రమాణం ఎంత చదివినా ఆ ముఖం మనకి కనపడదు.

1974లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో గ్రాహం చొరవతో ప్రపంచ మహాసభ జరిగింది. సుమారు 150 దేశాల నుంచి వచ్చారు. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన రెనె పడీయా, సామ్యూల్ ఎస్కోబార్ లేచి, అన్యాయం గురించి నోరెత్తని సువార్త సగం సువార్తే అన్న అర్థంలో గట్టిగా మాట్లాడారు. ఆ సభ ఒడంబడికలో అయిదో అంశంగా సామాజిక బాధ్యత చేరింది. సువార్త ప్రకటన, సామాజిక రాజకీయ బాధ్యత రెండూ క్రైస్తవుడి విధులేనని రాసుకున్నారు. పేద దేశాల సంఘాలు వచ్చి అమెరికా సంఘం గీసుకున్న గీతని జరిపిన సందర్భం అది. దీన్ని మన సెమినరీల్లో ఎంతమంది చెప్తున్నారో గానీ, విద్యార్థులందరికీ చెప్పాల్సిన పాఠం.

గ్రాహం అంటే మా వైపు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత, ఆ డిసెంబరులో సభలకోసం ఇండియా వచ్చిన ఆయన ఆ శవాల దిబ్బల మధ్యకి వెళ్ళి చూశాడు. ఆయన సంస్థ డబ్బుతో అక్కడ ఇళ్ళూ, ఒక మందిరమూ లేచాయి. లైబ్రరీలో డెస్క్ దగ్గరున్న ఒక పెద్దావిడకి ఈ సంగతి చెప్తే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "మీ ఊళ్ళో వాళ్ళకోసం ప్రార్థన చేస్తాను" అంది. చేస్తుందని నాకు నమ్మకం.

బయట తోటలో ఆయనా, భార్య రూత్ పక్కపక్కనే ఉన్నారు. రూత్ చైనాలో మిషనరీల ఇంట పుట్టింది. ఆమె సమాధి రాయి మీద చైనా అక్షరం ఒకటి, నీతి అని అర్థం. 2018లో 99 ఏళ్ళ వయసులో పోయిన గ్రాహం శవపేటికని లూసియానాలోని అంగోలా జైలు ఖైదీలు ప్లైవుడ్‌తో చేశారు. అధ్యక్షులందరికీ దగ్గరగా మసిలిన మనిషి ఆయన. నిక్సన్‌తో మరీ దగ్గరగా వెళ్ళాడు. యూదుల గురించి నిక్సన్‌తో అన్న మాటలు 2002లో టేపుల్లో బయటపడితే క్షమాపణ అడిగాడు. ముసలితనంలో, మళ్ళీ బతికే అవకాశం ఉంటే రాజకీయాలకి దూరంగా ఉంటానని చెప్పాడు కూడా. ఆ మాట చెప్పేనాటికే ఆయన వెనకవాళ్ళు చాలా దూరం వెళ్ళిపోయారు.

గ్రీన్స్‌బరో దాటాక 29వ నంబరు రోడ్డు డాన్‌విల్ మీదుగా ఉత్తరానికి పోతుంది. ఆకులు రంగు మారే రోజులు. ఎడమవైపు దూరంగా బ్లూ రిడ్జ్ కొండలు. మరదలు తెచ్చిన పులిహోర ఒక పెట్రోల్ బంకు దగ్గర బల్ల మీద తిన్నాం. లించ్‌బర్గ్ దగ్గరపడేసరికి కొండ మీద చెట్లు కొట్టి తీర్చిన రెండు పెద్ద అక్షరాలు కనపడ్డాయి. లిబర్టీ యూనివర్సిటీ గుర్తు.

ఈ ఊళ్ళోనే 1956లో జెర్రీ ఫాల్వెల్ అనే 22 ఏళ్ళ యువకుడు సోడా కంపెనీ వదిలేసిన షెడ్డులో 35 మందితో థామస్ రోడ్ బాప్టిస్టు చర్చి పెట్టాడు. రేడియో, తర్వాత టీవీ. 1971లో చిన్న బైబిల్ కాలేజీగా మొదలైనదే ఇవాళ ఆన్‌లైన్‌తో కలిపి లక్షమందికి పైగా చదివే లిబర్టీ యూనివర్సిటీ. అధ్యక్ష పదవికి పోటీచేసేవాళ్ళు ఇక్కడికి వచ్చి మాట్లాడతారు. 2015 మార్చిలో రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్ తన అభ్యర్థిత్వాన్ని ఇక్కడి వేదిక మీదే ప్రకటించాడు. అదే ఏడాది డెమోక్రాట్ల తరపున పోటీపడుతున్న బెర్నీ శాండర్స్ కూడా వచ్చి, తనతో ఏకీభవించని విద్యార్థుల ముందు నిలబడి పేదరికం గురించి మాట్లాడాడు. ఆ రెండో సంగతి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు అదే ఎక్కువ నచ్చింది.

1965 మార్చిలో, సెల్మాలో నల్లజాతివాళ్ళు ఓటు హక్కుకోసం నడుస్తున్న రోజుల్లో, ఫాల్వెల్ తన మందిరంలో ఒక ప్రసంగం చేశాడు. బోధకుల పని ఆత్మల్ని సంపాదించడం, రాజకీయాలు కాదు అని దాని సారాంశం. రెండేళ్ళకి ఆయన చర్చి ఒక స్కూలు పెట్టింది. స్థానిక పత్రిక దాన్ని తెల్లపిల్లల ప్రైవేటు స్కూలని రాసింది. 1979 వచ్చేసరికి అదే ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టి, అబార్షన్, కుటుంబం, స్కూళ్ళలో ప్రార్థన లాంటి విషయాల మీద సంఘాల్ని ఓటు దగ్గరికి నడిపించాడు. బోధకుడు రాజకీయం మాట్లాడకూడదన్న మాట ఏమైంది మరి? ఆ పాత ప్రసంగాన్ని ఆయనే తర్వాత తప్పని వెనక్కి తీసుకున్నాడు. జాతి వివక్ష విషయంలో తాను పొరపాటు పడ్డానని కూడా ఒప్పుకున్నాడు. అది దాచకుండా చెప్పాలి.

అబార్షన్‌ని హక్కుగా గుర్తించిన సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 1973లో. కానీ అంతకు ముందు, 1971లో, సదరన్ బాప్టిస్టుల మహాసభ కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌కి చట్టం వీలు కల్పించాలని తీర్మానం చేసింది. ఆ రోజుల్లో చాలామంది బాప్టిస్టులకి అది కాథలిక్కుల గొడవ. అదే కాలంలో తెల్లపిల్లల్నే చేర్చుకునే ప్రైవేటు స్కూళ్ళకి పన్ను మినహాయింపు తీసేయడం మొదలైంది. సౌత్ కరోలైనాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీ కేసు 1983లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. రాజకీయాల్లోకి సంఘాల్ని మొదట లాగింది ఈ పన్ను గొడవేనని రాండల్ బాల్మర్ లాంటి చరిత్రకారులు అంటారు, కాదు నిజంగా గర్భస్థ శిశువు గురించిన బాధేనని మరికొందరు అంటారు. రెండూ కలిసే పనిచేశాయని నా అభిప్రాయం. నాయకులకి స్కూళ్ళు ముఖ్యం. బల్లల మీద కూర్చున్న తల్లులకి పిల్లలు ముఖ్యం. ఆ తల్లుల బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

ఆదివారం పొద్దున థామస్ రోడ్ చర్చికి వెళ్ళాం. 2006లో ఎరిక్సన్ కంపెనీ వదిలిన ఫ్యాక్టరీలోకి మారారు, అందుకే అంత విశాలం. డ్రమ్ములు, గిటార్లు, పెద్ద స్క్రీన్లు. ఆ రోజు వాక్యంలో ఎన్నికల మాట రాలేదు. పక్క సీట్లో ఒక పెద్దాయన, ఆయన భార్య. ఇండియా అనగానే నా పేరు కూడా అడక్కముందే "నువ్వు ఎప్పుడు రక్షణ పొందావు?" అని అడిగాడు. ఆ ప్రశ్న విని నాకు ఒంగోలు గుర్తొచ్చింది. మా పెద్దవాళ్ళు కూడా అంతే, ఊరూ పేరూ తర్వాత. నా సాక్ష్యం రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత కాఫీ తాగుతూ నేనే కదిపాను. ఎవాంజెలికల్ అంటే ఎవరు అని. బెబ్బింగ్టన్ పేరు ఆయన విన్నట్టు లేదు గానీ ఆ నాలుగూ వరసగా చెప్పాడు. మరి 2016లో తెల్ల ఎవాంజెలికల్ ఓటర్లలో అయిదుగురికి దాదాపు నలుగురు ఒకే అభ్యర్థికి, ట్రంప్‌కి వేశారు కదా, అది అయిదో గుర్తా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పుట్టబోయే బిడ్డ ప్రాణం రాజకీయం కాదమ్మా, అది దేవుడి విషయం" అన్నాడు. 1960ల్లో ఈ ఊళ్ళోనే ఉన్నారా అన్నాను. ఉన్నాడట, ఇక్కడే స్కూలుకి వెళ్ళాడట. "అప్పుడు నల్లవాళ్ళ విషయం మాకు రాజకీయం అనిపించింది. ఇప్పుడైతే అలా అనను" అన్నాడు. అడిగినదానికి తప్పించుకోకుండా జవాబిచ్చాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అక్కడినుంచి డౌన్‌టౌన్‌కి. 1960 డిసెంబరులో ఈ ఊరి మెయిన్ స్ట్రీట్‌లో ఒక మందుల షాపు లంచ్ కౌంటర్ దగ్గర నల్ల, తెల్ల విద్యార్థులు ఆరుగురు కలిసి కూర్చుని అరెస్టయ్యారు. ఆ పక్కనే కోర్ట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చి, ఎత్తయిన శిఖరంతో. నల్లజాతి సంఘం 1880లో కట్టుకున్న మందిరం అది. మేం ఆరాధనకి వెళ్ళింది ఇంకో చిన్న బాప్టిస్టు మందిరానికి, అదీ నల్లజాతివాళ్ళదే. టోపీలు పెట్టుకున్న పెద్దావిడలు, విసనకర్రలు, కాగితం చూడకుండా గంట ప్రసంగం, మధ్యమధ్య "అవునయ్యా, చెప్పు" అని జనం అందుకోవడం. మా ప్రకాశం జిల్లా పల్లెల్లో వాక్యం చెప్పేటప్పుడు "ఆమేన్, స్తోత్రం" అని అందుకుంటారే, సరిగ్గా అదే ఊపు. మరదలు ఏడ్చేసింది.

ఆరాధన అయ్యాక కింద హాల్లో భోజనం పెట్టారు. వేయించిన కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. నా పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరుని అదే ప్రశ్న అడిగాను. బైబిలు, శిలువ, మారుమనస్సు, సాక్ష్యం అన్నిటికీ అవును అంది. "మరి మీరు ఎవాంజెలికల్సేనా?" అంటే చెంచా కింద పెట్టింది. "మేం క్రైస్తవులం, బాప్టిస్టులం. ఆ పేరు మమ్మల్ని ఎవరూ పెట్టుకోమనలేదు, మేమూ పెట్టుకోలేదు" అంది. ఓటు హక్కు గురించి ఈ మందిరంలో ప్రసంగాలు జరిగేవా అని అడిగితే, "నిర్గమకాండం చదివి ఓటు గురించి ఎలా మాట్లాడకుండా ఉంటాం?" అని తిరిగి నన్నే అడిగింది.

ఒకే బైబిలు, ఒకే బాప్తిస్మం, ఒకే ఊరు. రెండు మందిరాల మధ్య కారులో కొన్ని నిమిషాల దూరం. సర్వేలవాళ్ళు విశ్వాసాన్ని బట్టి లెక్కేస్తే ఈ టీచరు ఎవాంజెలికల్, పేరుని బట్టి లెక్కేస్తే కాదు. ఇంకోవైపు 2016 తర్వాత ట్రంప్‌ని ఇష్టపడిన కొందరు తెల్లవాళ్ళు కొత్తగా తమని ఎవాంజెలికల్ అని చెప్పుకోవడం మొదలుపెట్టినట్టు ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో చెప్పింది. ఆ ఆదివారం నాకు చాలా దుఃఖం వేసింది. అమెరికాలో ప్రజల మధ్య ఈ గుర్తింపుకి హద్దులు గీసింది విశ్వాస ప్రమాణమే కాదు, రంగు కూడా. దాన్ని ఇంకెంత మెత్తగా చెప్పాలన్నా నాకు చేతకాదు.

వాషింగ్టన్‌లో సోమవారం బైబిల్ మ్యూజియం. 2017 నవంబరులో తెరిచారు. హాబీ లాబీ దుకాణాల యజమానులు గ్రీన్ కుటుంబం దీని వెనక ఉన్నారు. తమ విశ్వాసానికి విరుద్ధమైన కొన్ని గర్భనిరోధక సాధనాలకి ఉద్యోగుల బీమాలో డబ్బు కట్టలేమని సుప్రీంకోర్టుకి వెళ్ళి 2014లో 5-4తో గెలిచింది వాళ్ళే. వాకిలికి ఇటూ అటూ 40 అడుగుల ఇత్తడి పలకలు, వాటి మీద ఆదికాండం మొదటి అధ్యాయం లాటిన్‌లో. లోపల అన్నీ పెద్దగానే ఉన్నాయి, నేను చాలావాటిని త్వరగా దాటేశాను. మృతసముద్రం దగ్గర దొరికిన పాత బైబిలు ప్రతుల ముక్కలని చెప్పి మ్యూజియం సేకరించిన 16 ముక్కలూ నకిలీవని 2020లో తేలింది. పరీక్ష చేయించి ఆ సంగతి బయటపెట్టింది మ్యూజియమే కాబట్టి ఆ నిజాయితీకి నా నమస్కారం.

మరదలు అంతకు ముందు వాషింగ్టన్‌లో పనిచేసేది. 2019లో ఇక్కడ తాను చూసిన ఒక ప్రదర్శన గురించి అప్పుడు చెప్పింది. ఫిస్క్ యూనివర్సిటీ నుంచి తెచ్చిన ఒక చిన్న బైబిలు. 1807లో లండన్‌లో, కరిబియన్ దీవుల బానిసలకోసం అచ్చు వేసింది. నిర్గమకాండంలో ఇశ్రాయేలీయుల్ని ఐగుప్తు బానిసత్వం నుంచి విడిపించిన కథ అందులో లేదు. దాసుడని స్వతంత్రుడని లేదు అన్న గలతీయుల వాక్యం లేదు. దాసులారా, మీ యజమానులకి లోబడండి అన్న ఎఫెసీయుల వాక్యం మాత్రం ఉంది. మామూలుగా మనం ప్రసంగాల్లో, మౌనాల్లో గీసే గీతని వాళ్ళు కత్తెర పట్టుకుని బైబిలు మీదే గీశారు. ముందురోజు ఆ టీచరమ్మ నిర్గమకాండం పేరెత్తింది ఎందుకో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

ఆ సాయంత్రం వర్జీనియా శివార్లలో మా పిన్ని కూతురి ఇంట్లో కాటేజీ ప్రేయర్. సెలవు రోజు కదా, ఇల్లు నిండిపోయింది. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, ఖమ్మం వాళ్ళు. బూట్లు గుమ్మం బయట, పిల్లలు మెట్ల మీద, వంటింట్లో అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ. పాత కీర్తన ఎత్తుకోగానే అందరూ అందుకున్నారు. ప్రార్థన అయ్యాక మాటలు ఎన్నికల మీదికి మళ్ళాయి. ఒకాయన రిపబ్లికన్లే దేవుడి పక్షమని గట్టిగా అన్నాడు. ఇంకొకాయన, "అలాగే బ్రదర్, మన వీసాలు ఆపినా దేవుడి పక్షమేనా?" అన్నాడు. పాస్టరు అయ్యగారు ఇద్దర్నీ ఆపి, "టీచరుగారు ఒంగోలు నుంచి వచ్చారు. మన పెద్దల సంగతులు చెప్తారు" అని నా వైపు తిరిగారు.

ఒంగోలుకి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గురించి చెప్పాను. 1860ల్లో ఒంగోలు మిషన్ స్కూలుకి పెద్ద కులాల పిల్లలు వస్తున్నారు. మాదిగలని చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ దొరా, దొరసానీ ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందట: లోకంలో నీచులని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట. మాదిగల్ని చేర్చుకున్నారు, మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. విశ్వాసంలోకి వచ్చిన మాదిగలు ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన పశువు మాంసం ఇక తినబోమన్నారు. ఊరి పెద్దలకి అది దేవుడి సంగతిగా కనపడలేదు, తిరుగుబాటుగా కనపడింది. బావులు మూసేశారు. తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కూలికోసం వచ్చినవాళ్ళకి బాప్తిస్మం ఇవ్వనన్నాడు. సహాయం ఆగిపోయిందని చెప్పినా జనం తగ్గలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మెట్ల మీద కూర్చున్న అమ్మాయి, హైస్కూల్లో చదువుతోంది, చెయ్యెత్తింది. "ఆంటీ, కాలువ కాంట్రాక్టు తీసుకోవడం గాస్పెలా, పాలిటిక్సా?" అని తెలుగూ ఇంగ్లిషూ కలిపి అడిగింది.

కరణానికి అది పాలిటిక్స్, ఆకలితో ఉన్నవాడికి గాస్పెల్ అన్నాను. స్కూల్లో మాదిగ పిల్లవాడిని కూర్చోబెట్టడం కూడా అంతే అన్నాను. అప్పుడు రెండు ముక్కలు మన గురించి కూడా చెప్పకుండా ఉండలేకపోయాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు, మనకి ఇవ్వలేదు. మా నాన్న స్కూలు మాస్టారు. దాచుకోవడం ఇష్టం లేక మాకు బీసీ-సి సర్టిఫికెట్ తీసుకున్నారు. ఒక్క శాతం రిజర్వేషన్. తమ్ముడు ఇంజనీరింగ్ సీటుకోసం ఎంత టెన్షన్ పడ్డాడో వాడికే తెలుసు. మన సంఘాల్లో వేలమంది కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకొకటి. వాళ్ళని నేను తప్పుపట్టను, చట్టమే అలా నెట్టింది. కానీ ఈ విషయం మీద మన మందిరాల్లో ఒక్క ప్రసంగం ఎవరైనా విన్నారా? పెళ్ళి సంబంధాల్లో మాల చర్చి, మాదిగ చర్చి, రెడ్డి కాథలిక్కులు, కమ్మ లూథరన్లు అని చూసుకుంటామే, దాని మీద? అడిగితే అది లోకసంబంధం అంటాం. లించ్‌బర్గ్‌లో ఫాల్వెల్ 1965లో అన్న మాటా అదే.

గది కొంచెం వేడెక్కింది. రిపబ్లికన్లని సమర్థించిన ఆయనే ముందుగా, "అక్కా, మా అమ్మాయి పెళ్ళికి నేను కులం చూశాను. ఎవరూ వద్దనలేదు" అన్నాడు. గుంటూరు ఆవిడ ఒకరు అస్సలు ఒప్పుకోలేదు. చర్చిలో కులం మాట తెస్తే ఉన్న నలుగురూ నాలుగు ముక్కలవుతారు, ఇక్కడికి వచ్చాక అయినా దాన్ని వదిలెయ్యాలి అంది. వదిలెయ్యాలంటే ముందు పేరు పెట్టి మాట్లాడాలి కదమ్మా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇద్దరం మా మాట మీదే నిలబడ్డాం. బిర్యానీ మాత్రం ఒకే ట్రేలోంచి తిన్నాం.

బయల్దేరేముందు అయ్యగారు వచ్చేనెల కూటంలో కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం తీసుకుంటామనీ, కులం మాట ఎత్తి మరీ చదువుదామనీ ప్రకటించారు. గుంటూరు ఆవిడ కూడా వస్తానంది, తన వాదన రాసుకుని వస్తుందట. అప్పటికి నేను ఒంగోలు వెళ్ళిపోతాను. జూమ్ లింక్ పంపమని అమ్మాయికి నా నంబరిచ్చాను.